అన్నం పిలుపు

నేను ఒక బాకాను. రాగి ఒళ్ళు, ఇత్తడి అంచు, మెడ దగ్గర ఒక సొట్ట. ఇప్పుడు గాజు పెట్టెలో పడుకుని ఉన్నాను గనుక వచ్చేపోయేవాళ్ళంతా నన్ను గొప్పదాన్ని అనుకుంటున్నారు. అనుకోనివ్వండి, నాకేం నష్టం? పెట్టె మీద ఎవరో పెద్దమనిషి ఒక అట్టముక్క అంటించాడు, "శత్రువుల గుండెలదరగొట్టిన యుద్ధనాదం" అని. ఎవరైనా దాన్ని పైకి చదివితే నాకు నవ్వొస్తుంది. శత్రువుల్ని అదరగొట్టిన మాట నిజమే గాని, ఏం ఊది అదరగొట్టానో తెలిస్తే ఆ పెద్దమనిషి అట్టముక్క పీకేసి నన్ను పాత వంటసామాన్ల గదిలో పడేయించేవాడు.

నన్ను చెన్నపట్నంలో పటాలాలకు సామాను చేసే ఒక కార్ఖానాలో కొట్టారు. కొట్టారంటే నిజంగానే కొట్టారు. ఒక ముసలి కంచరి రాగి రేకును వేడిచేసి, చుట్టి, వంచి, తనకి విసుగొచ్చేదాకా సుత్తితో బాదాడు. చివరికి మూతి దగ్గర నోరుపెట్టి ఒక్క ఊపు ఊదాడు. నేను కార్ఖానా అదిరేలా అరిచాను. "పిల్ల గట్టిగా ఏడ్చింది, బతుకుతుంది" అని నన్ను పక్కన పెట్టేసి ఇంకో రేకు అందుకున్నాడు. నాకు పుట్టినరోజు పండుగంటే అదే.

పటాలంలో సిపాయి బతుకంతా నేను చెప్పినట్టు నడిచేది. లేవమంటే లేవాలి, కవాతుకు రమ్మంటే రావాలి, దీపాలార్పమంటే ఆర్పాలి. తెల్లవారకముందు లేపుతాను గనుక నన్ను తిట్టని సిపాయి లేడు. తిట్టిన ఆ నోళ్ళే మధ్యాహ్నం అన్నం పిలుపు ఊదగానే "అబ్బ, ఏం గొంతురా దీనిది" అనేవి. మనుషుల ప్రేమ కడుపు దగ్గర మొదలవుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

నన్ను ఎక్కువకాలం ఊదినవాడు తవిటినాయుడు. భీమునిపట్నం పక్క పల్లెవాడు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, వీణ్ణి పొరుగింటావిడకి చేటెడు తవుడుకు అమ్మి మళ్ళీ కొనుక్కుని ఆ పేరు పెట్టారట. అలాంటి పేరున్నవాణ్ణి చూసి యముడు ఆశపడడని వాళ్ళ నమ్మకం. ఆశపడకపోవడానికి వీడేం తక్కువ సరుకు కాదు. ముప్పై దాటిన వయసు, దూలం లాంటి మనిషి, ఇద్దరి తిండి ఒక్కడే తినేవాడు. మిగతా పిలుపులన్నీ పని కాబట్టి ఊదేవాడు. అన్నం పిలుపు మాత్రం మనసుపెట్టి ఊదేవాడు. చివర్లో తనదైన చిన్న విరుపు ఒకటి వేసేవాడు, ఇంటి గుమ్మంలో నిలబడి తల్లి పిలిచినట్టు. ఆ విరుపు విని కళ్ళు మూసుకునైనా ఇది మా నాయుడేనని పటాలంలో అందరూ చెప్పగలిగేవారు. వారానికోసారి చింతపండుతో నన్ను తళతళా తోమి తలపాగా కొంగుతో తుడిచేవాడు. వాడి చేతిలో నాకు ఏ లోటూ లేదు.

తరవాత మమ్మల్ని ఓడెక్కించి బర్మాకు తీసుకుపోయారు. అక్కడి రాజును దించేశారట, యుద్ధం ముగిసిపోయిందట, దేశం మన దొరలదైపోయిందట. ఆ సంగతి అడవుల్లో ఉన్నవాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ఇంకా తుపాకులు పట్టుకునే ఉన్నారు. వాళ్ళ కొండ మీద వెదురు కంచె కట్టుకుని మేం కూర్చుని, వాళ్ళను దొంగలని పిలిచేవాళ్ళం. నేను రాగిముక్కను, నాకు రాజకీయం తెలియదు. కాకపోతే ఎవరింట్లో ఎవరున్నారో తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

ఆ కొండ మీది ఠాణాకు దిక్కయిన చిన్న దొర వానల మొదట్లోనే జ్వరంతో పోయాడు. భారమంతా సుబేదారు దస్తగిరి ఖాన్ మీద పడింది. బందరు మనిషి, నెరిసిన గడ్డం, మాట పొదుపు. తాత, తండ్రి ఇదే పటాలంలో చేశారు. తాత కత్తే ఆయన నడుముకు వేలాడేది. మా పటాలంలో ఒక ఆచారం ఉంది. దర్బారు రోజున ప్రతి దేశీ అధికారీ కత్తిపిడిని దొర వైపు చాపుతాడు. నా కత్తి మీదే అని చెప్పడం అది. దొర దాన్ని రెండు వేళ్ళతో తాకి వదిలేస్తాడు. నీ దగ్గరే ఉండనీ అని దానికి జవాబు. ఏటా ఆ క్షణం కోసం దస్తగిరి ఖాన్ కొత్త పెళ్ళికొడుకులా తయారవడం నేను చూశాను. ఆయనకున్న ఆస్తంతా ఆ రెండు వేళ్ళ తాకిడే.

వానలు ముదిరాయి. నది పొంగింది, బియ్యం పడవలు ఆగిపోయాయి. అడవి వాళ్ళు కొండ చుట్టూ వెదురుపొదల్లో చేరి దారులన్నీ కట్టేశారు. మా బియ్యం పలచనై జావ అయింది, జావ నీళ్ళయింది, ఆఖరికి నీళ్ళే మిగిలాయి. లోపల తిండి లేదని తెలిస్తే వాళ్ళు ఒక్కపూటలో మీద పడతారు. అప్పుడు సుబేదారు ఒక ఆజ్ఞ వేశాడు. రోజూ మధ్యాహ్నం అన్నం పిలుపు ఊదాల్సిందే. సిపాయిలు పళ్ళేలతో పంక్తిలో కూర్చోవాల్సిందే. గురువులు అనే వంటవాడు ఉత్తి కుండలో గరిట తిప్పుతూ వడ్డించాల్సిందే.

అదంతా మీరు చూడవలసింది. గురువులు వంగి గరిట విదిలిస్తాడు, పళ్ళెం ఖణేల్‌మంటుంది, పడేది గాలి. "గురువులూ, పులుసులో ఉప్పేసినావేటి?" అని ఒకడు. "నాకు అడుగంటింది వెయ్యకు బాబూ" అని ఇంకొకడు. కాలికి తూటా తగిలిన హవల్దారు అంకన్న పడుకున్నచోటి నుంచే మారు వడ్డించమని కేకేసేవాడు. చప్పుడు చెయ్యకుండా దిగులుగా కూర్చున్నవాణ్ణి సుబేదారు కోప్పడేవాడు, సరిగ్గా భోంచెయ్యడం లేదని. తరవాత ఎవరి మూలకు వాళ్ళు పోయి వెదురు పిలకలు ఉడకబెట్టుకుని నమిలేవాళ్ళు.

ఇందులో ఇంకో వింత ఉంది. బియ్యం ఉన్నన్నాళ్ళు మా ఠాణాలో మూడు పొయ్యిలు, మూడు పంక్తులు. ఒకరి కుండ నీడ ఇంకొకరి కుండ మీద పడితే తగాదా. కుండలన్నీ ఖాళీ అయ్యాక దేనికి మడి, దేనికి అంటు? సుబేదారు పక్కన నాయుడు, నాయుడి పక్కన గురువులు, అందరూ ఒకే పంక్తిలో కూర్చుని ఒకే గాలి తిన్నారు. ఎప్పుడు కలిసిపోయారో వాళ్ళకే తెలియదు.

నాయుడి సంగతి చెప్పనా? దూలం లాంటివాడు కర్రలా అయిపోయాడు. నన్ను తోమడానికి దాచుకున్న చింతపండు ముద్ద ఒకటి మిగిలింది. దాన్ని నీళ్ళలో పిసికి గాయపడ్డవాళ్ళకు తలా ఒక గుక్క తాగించాడు. తను మాత్రం వేళ్ళు నాకి ఊరుకున్నాడు. ఇక నన్ను తోమేదెవరు? నేను నల్లగా కమిలిపోయాను. ఫర్వాలేదులే అనుకున్నాను. అంతకు ముందూ ఆ తరవాతా నేను అంత నల్లగా లేను, నా మీద నాకు అంత గౌరవమూ లేదు.

ఒకరోజు అడవి వాళ్ళ తరఫున ఒక పెద్దమనిషి తెల్లగుడ్డ పట్టుకుని వచ్చాడు. మాతో ఉన్న దుబాసీ ఆయన మాట తెలుగు చేసి చెప్పాడు. తుపాకులు వదిలేసి వెళ్ళిపొండి. గాయపడ్డవాళ్ళను మా పడవల్లో నది దాటిస్తాం, ప్రాణానికి ప్రాణం పూచీ. రేపు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బాకా మూడు పొడుగు కూతలు ఊది తలుపు తియ్యండి. లేదంటే సాయంత్రానికి కంచె తగలబెడతాం. ఇంత చెప్పి, వెళ్తూ వెళ్తూ ఉదారంగా ఇంకో మాట అన్నాడట: "మీ బియ్యం మీరే తీసుకుపోవచ్చు. మేం ముట్టుకోం."

అది విని సిపాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్నే సుబేదారు గాయపడ్డవాళ్ళ పాకలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాడు. అంకన్న కాలు అప్పటికే వాసన వేస్తోంది. మిగతావాళ్ళ పరిస్థితి అంతకంటే మెరుగు కాదు. బయటికి వచ్చి దర్బారు కోటు తొడుక్కున్నాడు, బొత్తాలన్నీ పెట్టుకున్నాడు, అందర్నీ పిలిచాడు. ఠాణా అప్పగించిన అధికారికి ఏం జరుగుతుందో సిపాయిలకు తెలుసు. పటాలమంతా చూస్తుండగా కోటు బొత్తాలు కోస్తారు, కత్తి విరుస్తారు. తాత పేరు, తండ్రి పేరు కూడా దానితోనే పోతాయి.

"ఈ ఆజ్ఞ నాది. మీ ఎవరిదీ కాదు" అన్నాడు సుబేదారు. "రేపు ఎవరడిగినా నా పేరు చెప్పండి. నాయుడూ, మధ్యాహ్నం మూడు పొడుగు ఊదు."

నాయుడు తల ఊపాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. వాన వెలిసి, కొండ కింద నది మీద పొగమంచు ముద్దలా పట్టింది. నాయుడు కంచె మీదికెక్కి నన్ను పైకెత్తాడు. పెదాలు పగిలి ఉన్నాయి. కింద ఒక సిపాయి తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. సుబేదారు తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు.

నాయుడు ఊపిరి పీల్చి ఊదాడు. మొదటి కూత పొడుగ్గానే వచ్చింది. ఆ తరవాత ఏమైందో వాడికి తెలియదు, నాకు తెలుసు. ఎన్నాళ్ళుగానో సరిగ్గా ఆ వేళకు, ఆ కంచె మీదే, ఖాళీ కడుపుతో వాడి పెదాలు ఒక్క పాటే పాడాయి. ఇప్పుడూ అటే నడిచాయి. మూడు కూతలు ఊదవలసినవాడు నిక్షేపంలా అన్నం పిలుపు ఊదేశాడు, చివరి విరుపుతో సహా! మధ్యలో నేను ఆపగలిగితే ఆపేదాన్నా అంటారా? ఆపేదాన్ని కాదు.

ఇక కింద చూడాలి. పిలుపు వినగానే అలవాటు చొప్పున సిపాయిలు పళ్ళేలందుకుని పంక్తిలో కూర్చున్నారు. తలుపు గడియ పట్టుకున్నవాడు గడియ వదిలేసి పళ్ళెం కోసం పరుగెత్తాడు. గురువులు గరిట పట్టుకుని బయల్దేరాడు. కూర్చున్నాక గాని ఎవరికీ తెలివి రాలేదు. ఠాణా అంతా చప్పుడు లేకుండా అయిపోయింది. వెదురుపొదల్లోనూ చప్పుడు లేదు. ప్రాణభిక్ష పెడతామంటే వీళ్ళు హాయిగా భోజనానికి కూర్చున్నారేమిటని వాళ్ళూ బిత్తరపోయి ఉంటారు.

సుబేదారు మెల్లగా తలెత్తాడు. "ఏం ఊదావు నాయుడూ?"

"మూడూదుదామనే ఎత్తినాను బాబూ" అన్నాడు నాయుడు ఏడుపు గొంతుతో. "నోరు అటెలిపోనాది."

మళ్ళీ ఊదమన్నాడు సుబేదారు. నాయుడు నన్ను ఎత్తాడో లేదో, పొదల్లోంచి ఎవడో ఒళ్ళుమండి పేల్చాడు. తూటా వచ్చి నా మెడకు తగిలింది. నేను ఎగిరి బురదలో పడ్డాను. నాయుడు తన ఒళ్ళు తడుముకోకుండా నా కోసం దూకాడు. నన్ను ఏరుకుని మట్టి తుడిచేలోపల, కింద పొగమంచులోంచి ఒక కూత వినిపించింది.

ఇంకో బాకా అది. మా పటాలం బాకా. అది ఊదుతున్నదీ అన్నం పిలుపే. ఊదినవాడికి మా నాయుడి విరుపు వెయ్యడం చేతకాలేదు గాని, ప్రయత్నమైతే చేశాడు.

ఆ తరవాతి కథ తుపాకులు చెబితే బాగుంటుంది, నాకు వాటి భాష రాదు. నది ఒడ్డు నుంచి మా వాళ్ళు గుంపులు గుంపులుగా పైకి వస్తుంటే అడవి వాళ్ళు వచ్చిన దారినే వెదురుపొదల్లో కలిసిపోయారు. వాళ్ళలో చాలామంది ప్రాణాలతో వెళ్ళారని విని నాకు మనసు తేలికపడింది. ఎవడో ఒళ్ళుమండి పేల్చిన ఆ ఒక్క తూటా సంగతి ఎలా ఉన్నా, మాట ఇచ్చిన పెద్దమనిషి ఆ రోజు తన మాట తప్పలేదు. కూత తప్పింది మేమే.

సహాయానికి వచ్చిన కప్తాను దొర అసలు సంగతి చెప్పాడు. ఠాణా ఎప్పుడో పడిపోయిందని దారిలో పడవవాళ్ళు ఆయనకు చెప్పారట. మంచులో జెండా కనబడలేదు. ఇంతలో అన్నం పిలుపు వినబడింది. ఆ చివరి విరుపు విని పటాలం వాళ్ళంతా ఒక్కసారే "అది మా నాయుడు" అన్నారట. పడిపోయిన ఠాణాలో అన్నానికి ఎవరు పిలుస్తారు?

దొర మా వాళ్ళను వరసలో నిలబెట్టాడు. అందరికీ కళ్ళు గుంటలు పడి, కోట్లు వేలాడుతున్నాయి. ఆయన తెలుగు పరీక్ష పాసైన దొర, పుస్తకంలోని తెలుగు పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవాడు. ఇంతటి ఆపదలో భోజన ధ్వని చేయించిన ధీరుడెవ్వడని అడిగాడు.

వరస కదల్లేదు. సుబేదారు ముందుకు రాబోయాడు. అంతలో నాయుడు నన్ను చంకలో ఇరికించుకుని ముందుకు దూకాడు. వాడి గుండె నా రాగి మీద దబదబా కొట్టుకుంటోంది.

"సుబేదారు బాబే ఊదమన్నారు దొరా. ఊదినాను" అన్నాడు.

ఎవరడిగినా నా పేరు చెప్పండి అని ఆయన అన్నాడు కదా. వీడు చెప్పాడు. అబద్ధమాడుతున్న మనిషి చంకలో నేను అంతకు ముందూ ఉన్నాను గాని, అంత గర్వంగా ఎప్పుడూ లేను. ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది! సుబేదారుకు పతకం, నాయుడికి నెమ్మది, నాకు చింతపండు.

ఆగలేదు. దస్తగిరి ఖాన్ ముందుకు వచ్చి నాయుడి భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. "వాడు నా మీది ప్రేమతో చెబుతున్నాడు దొరగారూ. నేను ఊదమన్నది మూడు పొడుగు కూతలు. ఠాణా అప్పగించమన్నాను. నాకు రాని పేరు నాకొద్దు."

కత్తి ఒర నుంచి తీశాడు. పిడిని దొర వైపు చాపాడు. తీసేసుకోమని చాపాడు, దర్బారులో చాపినట్టు కాదు. మా నాయుడు పిల్లవాడిలా బావురుమన్నాడు.

దొర ఆ కత్తిపిడి వైపు చూశాడు. తరవాత నాయుడి వైపు తిరిగి, మరి భోజన ధ్వని ఏల చేసితివని అడిగాడు.

"ఆకలేసింది దొరా" అన్నాడు నాయుడు.

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. దొర మీసం కూడా ఒక్కసారి కదిలినట్టే నాకనిపించింది. కాని సుబేదారుతో మాట్లాడినప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

"సుబేదారుగారూ, ఆ ధ్వని వినబడుటకు ముందే నేనును వెనుకకు మరలుడని ఆజ్ఞ ఇచ్చి యుంటిని. ఆ మాట నా నోట వచ్చియే యున్నది. మన ఇద్దరినీ ఈ నాయుడు ఆపినాడు."

అని, చాపి ఉన్న కత్తిపిడిని రెండు వేళ్ళతో తాకి వదిలేశాడు.

దర్బారు కోటులో ఉన్న ఆ ముసలాయన అలాగే నిలబడిపోయాడు. కత్తి ఒరలో పెట్టడానికి ఒర దొరకలేదు ఆయనకు, కళ్ళు అంతగా మసకబారాయి. నాయుడే ఒర పట్టుకుని చూపించాడు. అమ్మయ్య అని నేను అనుకున్నది అప్పుడే. నాకు ఊపిరి లేదు గాని, ఉంటే ఆ పూట నేనే ఊదుకునేదాన్ని.

బియ్యం పడవ దగ్గర్నుంచి పైకి వచ్చింది. గురువులు వండాడు. పిలుపు ఊదమన్నారు. సొట్టపడిన మెడతో నేను, పగిలిన పెదాలతో నాయుడు, ఇద్దరం కలిసి బొంగురుగా ఏదో ఊదాం. విరుపు కుదరనే లేదు. మూడు పంక్తులు వెయ్యాలని ఎవరికీ గుర్తు రాలేదు, ఒక్క పంక్తిలోనే కూర్చున్నారు. గురువులు వంగి మొదటి గరిట అంకన్న పళ్ళెంలో వేశాడు. ఖణేల్‌మనలేదు. అన్నం పడిన పళ్ళెం మోగదు. ఆ మోగకపోవడాన్ని వింటూ వాళ్ళు కాసేపు ముద్ద నోట్లో పెట్టుకోవడమే మరిచిపోయారు. అంకన్న మాత్రం మరిచిపోలేదు. వాడి కాలు తరవాత దొరల వైద్యుడు తీసేశాడు గాని, మనిషి నూరేళ్ళకు దగ్గరగా బతికి కర్రకాలితోనే మనవల్ని తరిమాడని విన్నాను.

సొట్టపడిన బాకా పటాలానికి పనికిరాదని నన్ను తీసేస్తే నాయుడు అడిగి తెచ్చుకున్నాడు. భీమునిపట్నం పక్క పల్లెలో వాడి ఇంటి దూలానికి వేలాడాను. ఏటా ఒకసారి బందరు నుంచి దస్తగిరి ఖాన్ వచ్చేవాడు. మొదటి ఏడు నాయుడి పెళ్ళాం చిన్నమ్మి ఆయనకు వీధరుగు మీద విస్తరి వేయబోయింది. నాయుడు నోరెత్తలేదు, తన విస్తరి కూడా తీసుకెళ్ళి ఆయన పక్కన వేసుకున్నాడు. మరుసటి ఏడు ఆవిడే రెండు విస్తళ్ళూ నట్టింట్లో వేసింది. సుబేదారు మాత్రం నేను పిలవందే కూర్చునేవాడు కాదు. "ఊదు నాయుడూ, ఆజ్ఞ నాది" అనేవాడు. నాయుడు ఊదేవాడు. ఊళ్ళో కుక్కలన్నీ మొరిగేవి.

ఇద్దరూ పోయారు. మనవల తరంలో నేను ఈ గాజు పెట్టెలోకి వచ్చాను. ఇక్కడ నన్నెవరూ ఊదరు, చింతపండు మాట ఎవరూ ఎత్తరు, సొట్టను మాత్రం వేలెత్తి చూపించుకుంటారు. ఫిర్యాదు లేదు లెండి. ఈ గదికి కాపలా ఉండే నూకరత్నం మధ్యాహ్నం జనం పలచబడ్డాక నా పెట్టె పక్కనే స్టూలు వేసుకుని కేరేజీ విప్పుతుంది. నేను పిలవకపోయినా వేళ తప్పదు. ఆమె గిన్నె మీద గిన్నె తీసి కింద పెడుతుంటే నేను చెవి ఒగ్గి వింటాను. ఒక్క గిన్నె కూడా ఖణేల్‌మనదు. అమ్మయ్య అనుకుని మళ్ళీ నిద్రలోకి జారుకుంటాను.